ఇంకని పసుపు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. అలాంటి నన్ను తీసుకెళ్ళి, నోరు తెరవమంటే పన్ను పీకినంత బాధపడే మనిషికి కట్టబెట్టారు. పైగా ఆ మనిషి పని ఏమిటనుకున్నారు? జనాల ఇళ్ళలో మూడోకంటికి తెలియకుండా దొంగ అరలు చేయడం! దేవుడికి కూడా అప్పుడప్పుడు ఎగతాళి చేయాలని బుద్ధి పుడుతుంది కాబోలు.

మా ఆయన వడ్రంగి. ప్రొద్దుటూరులో అందరికీ ఆయన ఆచారి. తలుపులు, కిటికీలు, మంచాలు అందరూ చేసినట్టే చేసేవాడు గానీ, ఆయన పేరు మోగింది మేడగదుల నేలల వల్ల. మా వైపు పాతకాలపు పెద్ద మిద్దెలకు పైన ఒక గది ఉండేది. దాని నేల బండలతోనో సున్నంతోనో కాదు, దూలాల మీద టేకు పలకలు పరిచి చేసేవాళ్ళు. కింది గదికి అందంగా కనబడాలని దూలాల అడుగున కూడా చెక్కలు కొట్టేవాళ్ళు. పైపలకకూ కిందచెక్కకూ నడుమ మూరెడు ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలోనే ఆయన అర కట్టేవాడు.

ఆ పని చూడాలి మీరు! పలకకు మేకు ఉండదు, పట్టుకోవడానికి కడియం ఉండదు, వేలు దూరే సందు కూడా ఉండదు. చెక్కలోని చారలు పక్క పలక చారలతో కలిసిపోయి, అది విడి ముక్కని ఎంత వెతికినా తెలియదు. ఒక చివర మడమతో గట్టిగా తొక్కితే రెండో చివర కాస్త పైకి లేస్తుంది, అంతే. అర అడుగున గొంగడి ముక్క పరిచేవాడు, పైనుంచి కర్రతో కొట్టి చూసినా డొల్ల చప్పుడు రాకుండా. చివర్లో చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దానిమీద నడిచేవాడు. కాలికి తేడా తెలిసిందా, మొత్తం ఊడదీసి మళ్ళీ మొదలు. చెక్క విషయంలో ఆ మనిషికి ఉన్నంత పొగరు నేను రాజుల్లో కూడా వినలేదు. "నా పలక సందు పడదు" అనేవాడు. ఆయన నోటి నుంచి వచ్చే పొడుగాటి మాట అదొక్కటే.

మాకూ ఒకటి చేసిపెట్టాడులెండి. మేమున్న అద్దె ఇంటి అటక పలకల్లో చిన్న అర. మా పాప కంట పడకుండా అందులో నేను బెల్లం దాచాను. రెండో పూటకే చీమలు బారు తీరి దారి చూపించాయి. పాప బెల్లం గడ్డ చేత్తో పట్టుకుని కిందికి దిగింది. "చీమలకు నీ పనితనం తెలీదంటయ్యా" అని నేను ఏడిపిస్తే, ఆయన నవ్వకుండా, "బెల్లం పెట్టేటోళ్ళకు అర ఎందుకు?" అన్నాడు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. టేకు పొట్టు, ఆముదం, కొబ్బరినూనె గుడ్డలు, పొయ్యి మీద ఉడికే సంగటి. చిత్రిక పట్టినప్పుడు ఉంగరాలుగా రాలే పొట్టును మా పాప చెవులకు తగిలించుకుని వీధంతా తిరిగేది. మిగిలినదాంతో నేను పొయ్యి రాజేసేదాన్ని. జమ్మలమడుగు వైపు పనికి వెళ్ళినప్పుడల్లా వచ్చేటప్పుడు పెన్న ఇసుకలో కాసిన కర్బూజ ఒకటి పట్టుకొచ్చేవాడు. అది కోసుకుని తింటూ వాకిట్లో కూర్చుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది. ఆ రోజులు మళ్ళీ ఇస్తానంటే, ఆ పేదరికంతో సహా తీసుకుంటాను.

మొదట్లో జనం అరల్లో పొలం పత్రాలు, ఆడపిల్లల నగలు దాచుకునేవాళ్ళు. తర్వాత కాలం చెడిపోయింది. ఊళ్ళు రెండుగా చీలిపోయాయి. ఒక వర్గం ఈ పార్టీలో ఉంటే రెండో వర్గం ఆ పార్టీలోకి పోయేది. ఓట్లు వస్తున్నాయంటే చాలు, పల్లెల్లో మగవాళ్ళు పక్క ఇంటికి పోవాలన్నా పదిమందిని వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. అప్పుడు అరల కొలతలు మారాయి. జానెడు అర అడిగితే గాజులకు. బారెడు అర అడిగితే? అది గాజులకు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వాళ్ళు చెప్పలేదు, మేం అడగలేదు. ఆయన ఇద్దరికీ చేసేవాడు. జమ్మలమడుగులో ఒక వర్గానికి, పులివెందుల పక్క పల్లెలో వాళ్ళకు పడని వర్గానికి. "అడకత్తెరలో పోకచెక్కలాగా ఎందుకయ్యా మనకు?" అని నేను మొత్తుకునేదాన్ని. "ఈడిది ఆడ చెప్పను, ఆడిది ఈడ చెప్పను. మనకేం భయం?" అనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పని ముగిశాక ఆ ఇంటి ఇల్లాలిని పైకి పిలవమనేవాడు. యజమానితో పాటు ఆమెకు కూడా పలక తెరవడం చూపిస్తేనే పని అప్పగించేవాడు. "ఆడోళ్ళకెందుకప్పా?" అని మగవాళ్ళు నవ్వేవాళ్ళు. "మగోళ్ళు యాడుంటారో, ఏమవుతారో. ఇల్లు కాచేది ఆయమ్మే" అనేవాడు. కొత్త చెక్కపని కదా, ఇల్లాలు పలకకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. ఆమె లేచీ లేవకముందే ఆయన నూనె గుడ్డతో ఆ బొట్టును తుడిచేసేవాడు. ఆమె ఉసూరుమనేది. "పసుపు చెక్కలో ఇంకిందంటే ఇంక బ్రహ్మ దిగొచ్చినా పోదమ్మా. ఇంకకముందే తుడవాల. గుర్తు మిగిలితే అర ఉండీ ఒకటే, ల్యాకా ఒకటే" అనేవాడు. ఒకటి రెండు ఇళ్ళకు నేనూ వెంట వెళ్ళి చూశాను కాబట్టి ఇది నాకు తెలుసు.

పులివెందుల పక్క పల్లెలో ఆ ఇంటికి అర చేసిన మరుసటి ఏడు ఓట్లు వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాళ్ళు "ఆచారీ, అన్న రమ్మన్నాడు" అన్నారు. వాళ్ళ మొహాలు చూస్తే మంచం కోళ్ళు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళలా లేరు. ముందురోజు అన్న ఇంటిని పోలీసులు సోదా చేశారనీ, మేడగదిలో నేరుగా ఆ పలకే లేపి లోపలున్నవన్నీ పట్టుకుపోయారనీ ఒకడు చెప్పాడు. మా ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. నేను పాపను పక్కింట్లో దిగబెట్టి జీపు ఎక్కేశాను.

"ఆడమనిషివి నువ్వెందుకు మే?" అన్నాడు జీపు నడిపేవాడు.

"ఆయనకు మాట్లాడేది రాదు. నేను మాట్లాడతా. పోనియ్యి!" అన్నాను.

దారంతా నేను ఉన్న దేవుళ్ళందరికీ లోలోపలే మొక్కుకున్నాను. ఇద్దరికీ పనిచేసినవాడు ఒకరి గుట్టు ఇంకొకరికి అమ్మాడంటే ఎవరైనా నమ్ముతారు. నమ్మితే ఆ రోజుల్లో ఏం చేసేవాళ్ళో మా వైపు పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. నా పసుపుకుంకాలు ఆ రోజుతో సరేమోనని నిజంగా అనుకున్నాను.

ఆ ఇంటాయన సోదా అప్పుడు ఊళ్ళో లేడు. పార్టీ పని మీద బయట తిరుగుతూ, సంగతి తెలిసి ఆ పొద్దే వచ్చాడు. పోలీసులు మేడగదికి వేసిపోయిన తాళం పగలగొట్టించి మమ్మల్ని పైకి తీసుకెళ్ళాడు. అరలో గొంగడి ముక్క తప్ప ఏమీ లేదు. పలక ఒక మూల బోర్లా పడి ఉంది. ఆయన వెనుక ఇద్దరు మనుషులు, నూగుమీసాల కొడుకు. తలుపు పక్కన నీళ్ళ చెంబుతో ఇల్లాలు. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఎవురికి చెప్పినావ్ ఆచారీ?" అన్నాడు ఇంటాయన. అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఎవురికీ చెప్పల్యాప్పా."

"జమ్మలమడుగులో మాకు పడనోళ్ళింట్లో పని చేసినావంట గదా?"

"చేసినా. పనే చేసినా, మాట మోయల్యా."

"మరి ఎట్ల దొరికింది? ముందు రెండుతూర్లు వచ్చి ఇల్లంతా గాలించి ఉత్త చేతుల్తో పోయినారు. ఈతూరి నేరుగా ఆ పలక కాడికే పోయినారంట. దేవుడు చెప్పినాడా వాళ్ళకు?"

మా ఆయన మూలకు వెళ్ళి, కింద కూర్చుని ఆ పలకను చేతుల్లోకి తీసుకుని తన వైపు తిప్పుకున్నాడు. నేను ఆయన భుజం వెనకే ఉన్నాను. పలక మీద రూపాయంత పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు. అంతే, నాకు మొత్తం అర్థమైపోయింది! గడపకు పెట్టినట్టు, రోలుకు పెట్టినట్టు, ఈ మహాతల్లి దొంగ అరకు కూడా బొట్టు పెట్టి పూజ చేసింది. పోలీసులు గుడ్డివాళ్ళా? నేల మధ్యలో బొట్టు కనిపిస్తే అక్కడే తవ్వరా? "ఇదిగో అప్పా, చూడు!" అనే మాట నా పళ్ళ దాకా వచ్చేసింది.

మా ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఒక్క చూపు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను చేసిన కష్టమైన పని ఏదంటే అదే.

ఆయన పలకను గుండెకు ఆనించుకుని, దాని అంచు మీద వేలు పెట్టి చూపించాడు. "నా పనే తప్పప్పా. చెక్క బాగా ఎండకముందే కొట్టినా. ఎండాకాలానికి కుదించుకుపోయి సందు పడింది. ఆ సందు సూసే లేపినారు" అన్నాడు.

ఆ పలకకు సందు లేదు. ఉండదు కూడా. ఎండిన టేకు కోసం సాయిబు టింబర్ డిపో చుట్టూ నెలల తరబడి తిరిగిన మనిషి ఆయన. పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా ఎవరి ముందైనా రొమ్ము విరుచుకుని చెప్పుకునే ఒక్క మాటను, ఆ గదిలో అందరి ముందూ తన చేత్తో తానే చంపేసుకున్నాడు.

ఇంటాయన వంగి ఆయన మొహంలోకి చూశాడు. మా ఆయన తల దించుకునే ఉన్నాడు. చివరికి ఇంటాయన పనిముట్ల సంచిని కాలితో తన్నాడు. అది మెట్ల మీద దొర్లుకుంటూ వాకిట్లో పడింది. "చేతకాని వడ్లోడివి. నీకేమో పెద్ద పేరు! పో. ఇంక ఈ పక్కన ఎవురన్నా నీచేత పీట గూడా చేయిస్తే అడుగు" అన్నాడు. గుట్టు అమ్మినవాడికి చావు, చేతకానివాడికి తిట్లు. తిట్లతో పోయిందని నాకు ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన పలకను గోడకు తిప్పి ఆనించి లేచాడు.

నేను వాకిట్లో చెదిరిపోయిన ఉలులు, బాడిస, చిత్రిక ఏరుకుంటుంటే, ఆయన మెట్ల దగ్గర ఆగి దాహం అడిగాడు. ఇల్లాలు చెంబుతో ఆయన దోసిట్లోకి నీళ్ళు పోసింది. వంగి తాగుతూ ఆయన ఏదో అన్నట్టు పెదవులు కదిలాయి. చల్లగా ఉండమని అన్నాడేమో అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరు జీపు పెడతారు? బస్సులోనే వచ్చాం. సీటులో కూర్చోగానే నేను పేలిపోయాను. "ఆయమ్మ పెట్టిన బొట్టు సూసినావా ల్యా?"

"సూసినా."

"మరి చెప్పవేం? మన కూడు పోగొట్టుకుంటివి గదయ్యా!"

"చెప్తే ఆయప్ప ఆయమ్మను బతకనిస్తాడా? ఆడోళ్ళకు అలవాటు. పెట్టింది. ఊరుకో." అని, సంచిలోంచి ఉలి తీసి నా ఒళ్ళో పెట్టాడు. "దీనిమీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి మే. ఎవురికీ చెప్పనని."

మాలో ఉలి మీద ఒట్టు తప్పితే ఇంట్లో అన్నం పుట్టదంటారు. వేశాను. పక్క సీటులోని ముసలమ్మ మమ్మల్ని వింతగా చూసింది.

ఆ తర్వాత ఆయన పేరు ఎంత తొందరగా పోయిందో! "ఆచారి పలకలు సందు పడతాయంట" అన్న మాట ఆయన కంటే ముందే ప్రతి ఊరికీ చేరింది. మేడగది నేలలకు పిలిచేవాళ్ళే లేకపోయారు. చపాతీ కర్రలు, పప్పుగుత్తులు, మంచం కోళ్ళు, ఉయ్యాలలు చేసి బతికాం. ఆయన పప్పుగుత్తిని కూడా మేడగది పలకంత శ్రద్ధగానే నునుపు చేసేవాడు. అది చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఆ ఇంటాయన కొంతకాలం కడప జైల్లో ఉండి వచ్చాడని విన్నాం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఓట్లప్పుడు రక్తం పారింది గానీ ఆ ఊళ్ళో ఏమీ జరగలేదని కూడా విన్నాం. నాకేం పట్టింది? పొయ్యి మీద గంజి కాచిన ప్రతిసారీ ఆ మొద్దు మహాతల్లినీ, ఆమె భక్తినీ తిట్టుకున్నాను. పైకి చెప్పుకోవడానికి కూడా లేకపోయె, ఉలి అడ్డం!

ఏళ్ళు గడిచాయి. మా పాప పైట వేసుకునే ఈడుకు వచ్చింది. ఒక ఉదయం మా వాకిట్లో ఆటో ఆగింది. తల నెరిసిన ఒకావిడ దిగింది. ఆటోవాడు పాత దుప్పటి చుట్టిన పొడవాటి చెక్క ఒకటి దింపాడు. ఆ పొద్దు చూసిన ఎండిన పెదవులే, చూడగానే ఆమెను గుర్తుపట్టాను. మా ఆయన టింబర్ డిపోకి వెళ్ళాడు. వచ్చిన మనిషిని వెళ్ళగొట్టలేక మజ్జిగ ఇచ్చాను గానీ, ఆ గ్లాసు ఆమె ముందు ఎంత గట్టిగా పెట్టానో నాకు గుర్తుంది.

"నా కొడుక్కు బిడ్డ పుట్టినాడు. ఉయ్యాల కావాల. ఈ పలకతోనే చెయ్యాల" అంది.

దుప్పటి తీశాను. అదే పలక. ఇక నేను ఆగలేదు. "అమ్మా, ఆ పొద్దు నువ్వు దీనికి బొట్టు పెట్టి పూజ చేయబట్టే గదా మా బతుకు ఇట్లయింది! దొంగ అరకు ఎవురన్నా బొట్టు పెడతారా?" అన్నాను. ఆమెతోనే చెప్పడం ఒట్టు తప్పడం కాదని నా లెక్క.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పూజ గాదు తల్లీ. పోలీసోళ్ళకు కనపడాలనే పెట్టినా."

నాకు అర్థం కాలేదు.

"ఆ వారమే నా కొడుకు చేతికి కత్తి ఇస్తా అన్యాడు మా ఆయన. 'మగోడైనాడు, ఈతూరి నాతోపాటు వస్తాడు' అన్యాడు. వాడికి అప్పటికి మీసం గూడా సరిగా రాల్యా. పోలీసోళ్ళు రెండుతూర్లు వచ్చి దొరక్క పోయిరి. మళ్ళా వస్తాండారని తెలిసి, జీపు చప్పుడు వినంగానే పైకి పోయి బొట్టు పెట్టి వచ్చినా. కత్తులు పోయినాయి. ఆయప్ప జైలుకు పోయినాడు. నా బిడ్డ ఇంట్లో ఉన్యాడు."

మొద్దు అనుకున్న మనిషి ఎంత పని చేసింది! అంతేనా? ఆమె ఇంకా చెప్పింది.

"ఆచారికి ఆ పొద్దే తెలిసిపోయింది తల్లీ. నీళ్ళు తాగుతా నాతో మెల్లిగా అన్యాడు. 'అమ్మా, ఆ పసుపు చెక్కలో ఇంకల్యా. నిన్న పెట్టిందే. ఆయప్పకు బొట్టు కనపడితే అది గూడా కనిపెడతాడు. పలక గోడకు తిప్పి పెట్టినా. నూనె గుడ్డతో తుడిచెయ్యి' అన్యాడు. ఆయన చెప్పబట్టే నేను ఈ పొద్దు ఈడ కూర్చోని ఉండా."

ప్రతి శుక్రవారం పెట్టే బొట్టయితే పసుపు పట్టుకుపోయి ఉండేది. అది ఇంకలేదంటే, కావాలని అప్పుడే పెట్టింది. నేను ఆయన భుజం మీదుగా అదే పలకను చూశాను. నాకు బొట్టు కనిపించింది. ఆయనకు ఆ తల్లి ప్రాణం కనిపించింది. ఇన్నేళ్ళు నేను ఆమెను తిడుతుంటే పక్కనే కూర్చుని పప్పుగుత్తి చెక్కుకుంటూ ఒక్క మాట అనలేదే! ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. అంత ప్రేమా ఎప్పుడూ రాలేదు. ఆమె వెళ్ళేటప్పుడు ఆమె నుదుట బొట్టు పెట్టి, కాళ్ళకు దండం పెట్టాను.

మధ్యాహ్నం ఆయన వచ్చి సంగటి ముందు కూర్చున్నాడు. ముద్దలో గుంట చేసి పులుసు పోస్తూ, "ఆ ఇంటి ఆయమ్మ వచ్చింది. మనవడికి ఉయ్యాల కావాలంట" అన్నాను.

"చేద్దాం" అన్నాడు.

"పసుపు ఇంకల్యా అని చెప్పినావంటనే?"

ఆయన ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, నా మొహంలోకి చూశాడు. "ఏ పసుపు?" అన్నాడు.

చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వెళ్ళి, దుప్పటి తీసి, పలకను వెలుతురుకు తిప్పాడు. అంత పొడుగు పలకలో ఎక్కడా మచ్చ లేదు. ఆయన బొటనవేలు మాత్రం నేరుగా ఆ బొట్టు ఉన్న చోటికే పోయి, అక్కడ ఆగింది.